జీతం చీటీలో ఒక్క లైను

2018 జులై మొదటి వారం. ఇంజినీరింగ్ ఆఖరి సెమిస్టర్‌లో ఇంటర్న్‌గా చేరిన కంపెనీలోనే జూన్‌లో పర్మనెంట్ అయ్యాను. మెడలో కొత్త ఐడీ కార్డు, బ్యాంకులో మొదటి పూర్తి జీతం. ప్రాజెక్టు మాత్రం ఎవరికీ చెప్పుకునేంత గొప్పది కాదు. అమెరికాలో ఒక రాష్ట్రంలోని ప్రభుత్వ ఉద్యోగుల జీతాల సాఫ్ట్‌వేర్‌కు మెయింటెనెన్స్. ఫ్రెండ్సేమో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అంటుంటే, నేను "పేరోల్" అని చెప్పి మాట మార్చేవాణ్ని.

ఆ వారం నాకో టికెట్ వచ్చింది. పైన ఎర్రగా "అర్జెంట్". విషయం ఒక్క ముక్క: ఫెయిర్ షేర్ ఫీజు కోత ఆపాలి. జూన్ 27 తర్వాతి రోజులకు పట్టుకున్నది ఏమైనా ఉంటే వచ్చే జీతంలో తిరిగి వేయాలి.

మా లీడ్‌ని అడిగాను, ఫెయిర్ షేర్ అంటే ఏంటన్నా అని.

"యూనియన్‌కి పోయే డబ్బు. సుప్రీంకోర్టు కొట్టేసిందట. ఎండ్ డేట్ వేసెయ్, రిఫండ్ రన్ చెయ్, అయిపాయె."

"మరి జూన్ 26 వరకు పట్టుకున్నది?"

"అది మన స్కోప్‌లో లేదు తమ్మీ."

సాయంత్రానికి కోడ్ రాసేశాను. రెండు రోజుల్లో టెస్టింగ్ కూడా అయిపోయింది. కానీ ఆ ప్రశ్న మాత్రం నా బుర్రలోంచి పోలేదు. ఒక తీర్పు వచ్చి "ఈ కోత తప్పు" అంది. అంటే 27న తప్పయింది, 26న ఒప్పేనా? పట్టుకున్నోళ్లు తప్పు చేసినట్టా, చేయనట్టా? నా చేతుల మీదుగా ఆగిపోయిన ఆ లైను వెనక ఇంత కథ ఉందని తర్వాత తీరిగ్గా చదివితే గానీ తెలియలేదు. ఈ వారం ఆ కథే చెప్తాను. అమెరికాది కదా మనకెందుకు అనకండి. చివరికొచ్చేసరికి మన జేబు దగ్గరికే వస్తుంది.

*

ఆ కేసు వేసినాయన పేరు మార్క్ జేనస్. ఇల్లినాయ్ రాష్ట్ర ప్రభుత్వంలో చిన్న ఉద్యోగి. విడిపోయిన తల్లిదండ్రుల నుంచి పిల్లల పోషణకు డబ్బు వచ్చేలా చూసే విభాగంలో పని. ఆయన యూనియన్‌లో సభ్యుడు కాదు. అయినా ప్రతినెలా జీతంలోంచి 44.58 డాలర్లు యూనియన్‌కు పోయేవి. ఏడాదికి దాదాపు 535 డాలర్లు. ఆ యూనియన్ పేరు ఆఫ్‌స్మి, అమెరికాలో ప్రభుత్వోద్యోగుల పెద్ద సంఘాల్లో ఒకటి.

సభ్యుడు కానివాడి దగ్గర డబ్బెందుకు? ఇక్కడ ఆగి ఒక్క విషయం అర్థం చేసుకోవాలి. లేకపోతే ఇది దోపిడీలాగే కనిపిస్తుంది.

అక్కడ ఒక ఆఫీసులోనో ఫ్యాక్టరీలోనో మెజారిటీ ఉద్యోగులు ఒక యూనియన్‌ను ఎన్నుకుంటే, ఆ విభాగంలో అందరి తరఫునా మాట్లాడేది అదే. మనలాగా ఒకే గేటు ముందు నాలుగు జెండాలు ఉండవు. జీతాల ఒప్పందం కుదిరితే సభ్యుడికీ వర్తిస్తుంది, కానివాడికీ వర్తిస్తుంది. పైగా సభ్యుడు కాదని ఎవరినీ చిన్నచూపు చూడకూడదు, అందరికీ సమానంగా ప్రాతినిధ్యం వహించాలి అని చట్టమే చెబుతుంది. అప్పుడు ఏమవుతుంది? తెలివైనవాడు "నేను చేరకపోయినా ఇంక్రిమెంట్ వస్తుంది కదా, చందా ఎందుకు దండగ" అనుకుంటాడు. అందరూ అలాగే అనుకుంటే యూనియనే ఉండదు. మన అపార్ట్‌మెంట్లలో మెయింటెనెన్స్ కట్టకుండానే లిఫ్ట్ ఎక్కే పెద్దమనిషి ఒకాయన ఉంటాడు చూడండి, అదే సమస్య.

అందుకని ఇరవైకి పైగా రాష్ట్రాలు ఒక మధ్యేమార్గం పెట్టుకున్నాయి. సభ్యుడివి కాకపోతే పూర్తి చందా వద్దు, బేరసారాలకు అయ్యే ఖర్చులో నీ వాటా మాత్రం ఇవ్వు. దానికి పెట్టిన పేరే ఫెయిర్ షేర్, న్యాయమైన వాటా. జేనస్ విషయంలో అది పూర్తి చందాలో 78.06 శాతం.

ఈ మధ్యేమార్గానికి సుప్రీంకోర్టు ముద్ర 1977లోనే పడింది. డెట్రాయిట్ టీచర్లు వేసిన కేసు అది. అబూడ్ కేసు అంటారు. బేరసారాలు, ఒప్పందం అమలు, ఫిర్యాదుల ఖర్చుకు డబ్బు తీసుకోవచ్చు, రాజకీయాలకు మాత్రం ఇష్టం లేనివాడి డబ్బు వాడకూడదు అంది కోర్టు. వినడానికి బాగుంది. కానీ లెక్క రాసేవాడికి తెలుస్తుంది నొప్పి. పత్రిక అచ్చేస్తే అందులో ఎన్ని పేజీలు బేరసారాలు, ఎన్ని పేజీలు రాజకీయం? లాయరు ఖర్చులో ఏది దేనికి? 1986లో చికాగో టీచర్ల కేసులో కోర్టు ఇంకో షరతు పెట్టింది. ఫీజు ఎలా లెక్కగట్టారో సభ్యులు కానివాళ్లకు ముందే చెప్పాలి, అభ్యంతరం ఉంటే విచారణ జరపాలి అని.

ప్రైవేటు రంగంలో 1988 నాటి బెక్ కేసు ఇంకా రుచిగా ఉంటుంది. టెలిఫోన్ కంపెనీ ఉద్యోగులు కొందరు మా డబ్బు దేనికి వాడుతున్నారని అడిగారు. తన ఖర్చులో బేరసారాలకు అయింది 21 శాతానికి మించిందని ఆ యూనియన్ కింది కోర్టులో నిరూపించుకోలేకపోయింది. ఎక్కువ తీసుకున్నది తిరిగివ్వమంది కోర్టు. అంటే రిఫండ్ అనేది అసాధ్యమైన మాటేం కాదన్నమాట.

*

జేనస్ వాదన ఇంకో మెట్టు పైది. ప్రభుత్వోద్యోగుల విషయంలో బేరసారాలు, రాజకీయం అని విడదీయడమే కుదరదు అన్నాడాయన. ప్రభుత్వం దగ్గర జీతం పెంచమని అడగడమంటే బడ్జెట్ గురించి మాట్లాడటమే. బడ్జెట్ గురించి మాట్లాడటమంటే రాజకీయమే. అప్పటికి ఇల్లినాయ్ ఖజానా అప్పుల్లో మునిగి ఉంది. ఆ పరిస్థితిలో యూనియన్ అడుగుతున్నది రాష్ట్రానికి మంచిది కాదని నేను నమ్ముతున్నాను, నమ్మని మాటకు నాతో డబ్బు కట్టించడమంటే నా నోట్లో మీ మాట పెట్టడమే కదా అని ఆయన ప్రశ్న.

కేసు మొదలుపెట్టింది నిజానికి ఆయన కాదు. 2015లో ఇల్లినాయ్ గవర్నర్ బ్రూస్ రౌనర్. యూనియన్లతో ఆయనకు పడదు. ఆ ఫీజు మీరు కట్టేది కాదు, మీకు కేసు వేసే అర్హత లేదు అని కోర్టు గవర్నర్‌ను పక్కకు పెడితే, కట్టేవాడిగా జేనస్ ముందుకొచ్చాడు. ఆయన వెనక యూనియన్లంటే గిట్టని సంస్థల లాయర్లున్నారు. ఈ మాట దాచిపెడితే కథ సగమే చెప్పినట్టు.

సరిగ్గా ఇలాంటి కేసే 2016లో కాలిఫోర్నియా టీచర్ల నుంచి వచ్చింది. తీర్పు రాకముందే జస్టిస్ స్కాలియా చనిపోయారు. మిగిలిన ఎనిమిది మంది 4-4గా చీలిపోయారు. పాత పద్ధతే నిలబడింది. తర్వాత కొత్త జడ్జి వచ్చారు. 2018 జూన్ 27న జేనస్ కేసులో 5-4 తేడాతో 41 ఏళ్ల అబూడ్ తీర్పు కూలిపోయింది. ఒక్క ఖాళీ కుర్చీ ఎవరితో నిండిందన్న దాని మీద లక్షల మంది జీతం చీటీల్లో ఒక లైను ఉండాలా పోవాలా అన్నది తేలిందన్నమాట.

మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ అలిటో. ప్రభుత్వోద్యోగి స్పష్టంగా ఒప్పుకుంటేనే యూనియన్‌కు డబ్బు పట్టుకోవాలి, ఊరుకున్నాడు కదా అని ఒప్పుకున్నట్టు లెక్కేయకూడదు అన్నారు. ఇన్నేళ్లలో ఇలా ఎన్ని వందల కోట్ల డాలర్లు చేతులు మారాయో లెక్కగట్టడం కూడా కష్టం అన్న అర్థంలో ఒక మాట కూడా రాశారు. ఆ మాట చాలామందిలో ఆశ పుట్టించింది. వ్యతిరేకంగా రాసిన జస్టిస్ కేగన్, భావ స్వేచ్ఛ కోసం పెట్టిన మొదటి సవరణను కోర్టు ఆయుధంలా వాడుతోందని మండిపడ్డారు. దశాబ్దాలుగా రాష్ట్రాలు, యూనియన్లు ఈ పద్ధతి మీద ఆధారపడి కుదుర్చుకున్న వేల ఒప్పందాల గతేంటని ఆమె బాధ.

నా టికెట్ ఆ తీర్పు చివరి అంచు. అక్కడ తొమ్మిది మంది జడ్జీలు నెలల తరబడి కొట్టుకున్నది ఇక్కడ మాదాపూర్‌లో నాకు ఒక తేదీ కాలమ్‌గా దిగింది.

*

ఇక నా ప్రశ్నకొద్దాం. జూన్ 26 వరకు పట్టుకున్నది?

జేనస్ కూడా అదే అడిగాడు. ఇన్నాళ్లూ నా దగ్గర రాజ్యాంగ విరుద్ధంగా తీసుకున్నారని మీరే అన్నారుగా, మరి ఇప్పించండి అని. ఆయనొక్కడే కాదు. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఒహాయో, ఇంకా చాలాచోట్ల టీచర్లు, ప్రభుత్వోద్యోగులు కోర్టుకెక్కారు.

2019 నవంబరులో చికాగోలోని ఏడవ సర్క్యూట్ అప్పీలు కోర్టు కాదంది. కారణం ఒక్క ముక్కలో చెప్పాలంటే సదుద్దేశం. యూనియన్ ఆ డబ్బు తీసుకున్న నాటికి రాష్ట్ర చట్టం తీసుకోమంది. సుప్రీంకోర్టు తీసుకోవచ్చంది. ఉన్న చట్టాన్ని నమ్మి నడుచుకున్నవాణ్ని, రేపు చట్టం మారుతుందని నువ్వు ముందే ఊహించి ఉండాల్సింది అని శిక్షించలేం. పైగా ఆ డబ్బుకు యూనియన్ పని చేసింది, ఆ పని ఫలం జేనస్‌కీ అందింది. హక్కు ఉండటం వేరు, దానికి డబ్బు రూపంలో పరిహారం రావడం వేరు. మిగతా సర్క్యూట్లు కూడా ఇదే దారి పట్టాయి. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఆయన అప్పీలు వినడానికి ఒప్పుకోలేదు. అంతే. తన పేరు మీద దేశం చట్టమే మార్చుకున్న మనిషికి పాత డబ్బు మాత్రం వెనక్కి రాలేదు.

మా భాషలో చెప్పాలంటే బగ్ ఫిక్స్ అయింది. పాత డేటా మాత్రం సరిచేయలేదు.

మొదట చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. రెండోసారి చదివితే అవతలివాళ్ల మాట కూడా కొంచెం అర్థమైంది. ఒక గుమస్తా, ఒక లోకల్ యూనియన్ ట్రెజరర్, చట్టం చెప్పినట్టే రసీదు రాశాడు. ఆ డబ్బు లాయర్లకు, ఫిర్యాదులకు, మీటింగు హాలు అద్దెకు ఖర్చయిపోయింది. ఇప్పుడు నలభై ఏళ్లది కక్కమంటే ఎక్కణ్నుంచి తెస్తాడు? కానీ ఇంకో వైపు కూడా ఉంది. తప్పు చట్టానిది, తీర్పుది. మరి ఆ తప్పు ఖరీదు ఎవరు కట్టారు? చట్టం చేసినవాళ్లు కాదు, తీర్పు రాసినవాళ్లు కాదు, తీసుకున్నవాళ్లు కాదు. నెలకు నలభై అయిదు డాలర్లు పోగొట్టుకున్న ఉద్యోగి కట్టాడు. ఈ రెండో మాటకు నాకు ఇప్పటికీ జవాబు దొరకలేదు.

సభ్యులుగా ఉన్నవాళ్ల కథ ఇంకో రకం. తీర్పు తర్వాత కొందరు మేమూ బయటికొస్తాం అన్నారు. వాషింగ్టన్ రాష్ట్రంలో అలా రాజీనామా ఇచ్చినవాళ్లను యూనియన్ సభ్యత్వం నుంచి తీసేసింది, కోత మాత్రం ఆపలేదు. ఎందుకంటే వాళ్లు సంతకం పెట్టిన కార్డులో ఏడాది పాటు కడతామని ఉంది. 2020లో తొమ్మిదవ సర్క్యూట్ కోర్టు, అది మీరు ఇష్టపడి చేసుకున్న ఒప్పందం, కట్టాల్సిందే అంది. చేరడానికి ఏ రోజైనా పర్లేదు, బయటికి రావడానికి మాత్రం ఏడాదిలో కొన్ని రోజులే తలుపు తీసి ఉంటుంది. జిమ్ మెంబర్‌షిప్‌లు గుర్తొస్తున్నాయా? నాకూ అంతే.

*

ఇదంతా మా నాన్నకు చెప్పాను. ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. నేను జేనస్ పక్షం మాట్లాడతానని అనుకున్నట్టున్నారు, ఫోన్లోనే గొంతు సవరించుకున్నారు.

"అరవై రూపాలు యాదికున్నయా బిడ్డా?" అన్నారు.

ఎందుకు గుర్తుండవు? ఆ కథ మా ఇంట్లో అమ్మ పండగ పండక్కీ చెప్తుంది. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పటి సంగతి. యూనియన్ లీడర్ తన మనుషులకే మంచి డ్యూటీలు వేయిస్తున్నాడని నాన్నకు ఒళ్లు మండింది. నా జీతంలోంచి చందా పట్టొద్దని కాగితం రాసిచ్చారు. అప్పుడు చందా నెలకు 20 రూపాయలు. వచ్చే నెల ఆగలేదు. ఆ పై నెల ఆగలేదు. కాగితం పైకి పోలేదన్నారు, పైకి పోయింది కానీ సంతకం కలవలేదన్నారు. మూడు నెలలు తిరిగాక నాలుగో నెలలో ఆగింది. పోయిన 60 రూపాయలు మాత్రం రాలేదు. వాటి కోసం నాన్న మూడుసార్లు జిల్లా ఆఫీసుకు పోయొచ్చారు. చాయ్, టిఫిన్ ఖర్చే అంతకన్నా ఎక్కువైంది అని అమ్మ నవ్వుతుంది. నాన్నకు మాత్రం అది నవ్వులాట కాదు. "పైసల గురించి గాదు. అద్దన్నంక తీసుకునుడేంది?" అంటారు ఇప్పటికీ.

ఈ కథలో అమ్మ చెప్పని రెండో సగం ఉంది. నేను ఏడో తరగతికొచ్చాక ఒక బస్సు బ్రేకులు ఫెయిలయ్యాయి. అదృష్టం, ఎవరికీ ఏం కాలేదు. కానీ ముందురోజు ఆ బస్సు చూసింది నాన్నే. చార్జిషీటు, సస్పెన్షన్, సగం జీతం. ఎంక్వయిరీ గదిలో ఒక పక్క ముగ్గురు ఆఫీసర్లు, ఇంకో పక్క పదో తరగతి చదివిన మా నాన్న. పక్కన కూర్చోవడానికి తోటి ఉద్యోగిని ఒకర్ని తెచ్చుకోవచ్చన్నారు. ఎవర్ని అడగాలో తెలియక రెండు రోజులు అన్నం సరిగా తినలేదాయన. మూడో రోజు యూనియన్ తరఫున ఒకాయన ఇంటికొచ్చాడు. నాన్న సభ్యుడు కాదని ఆయనకు తెలుసు. "స్పేర్ పార్టు కోసం నువ్వు రాసిన ఇండెంటు కాపీ ఉన్నదా?" అని ఒక్కటే అడిగాడు. ఉంది. కొత్త పార్టు అడిగిన తేదీ, స్టోర్సు నుంచి రాలేదన్న సంగతి ఆ కాగితంలో ఉన్నాయి. ఎంక్వయిరీ అంతా ఆయన పక్కనే కూర్చున్నాడు. నాన్న మళ్లీ డ్యూటీలోకి వెళ్లిన రోజే సభ్యత్వం ఫారం నింపి ఇచ్చారు.

"మరి ఆ అరవై?" అన్నాను నవ్వుతూ.

"అది ఆళ్ల తప్పు. నేను కట్టకపోవుడు నా బాకీ. రెండు లెక్కలు ఏరే. కలపకు" అన్నారు నాన్న.

ఆ తొమ్మిది మంది జడ్జీల మధ్య జరిగిన వాదన నాకు అప్పుడు బాగా అర్థమైంది.

*

మరి మన చట్టం ఏమంటుంది? ఇక్కడ నాకు కొన్ని ఆశ్చర్యాలు దొరికాయి.

అమెరికాలో ఉన్నట్టు సభ్యుడు కానివాడి జీతంలోంచి తప్పనిసరి ఫీజు మన దగ్గర మామూలు కాదు. 2025 వరకు అమల్లో ఉన్న 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో ఏయే కోతలు చెల్లుతాయో జాబితా ఉండేది. యూనియన్ సభ్యత్వ రుసుము పట్టుకోవాలంటే ఉద్యోగి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. జేనస్ తీర్పులో అలిటో అడిగింది దాదాపు ఇదే.

అంతకన్నా ముందుది, 2025 వరకు అమల్లో ఉన్నది, 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం. రాజకీయాలకు ఖర్చు పెట్టాలనుకుంటే యూనియన్ వేరే నిధి పెట్టుకోవాలి, దానికి చందా ఇవ్వమని ఏ సభ్యుణ్నీ బలవంతం చేయకూడదు, ఇవ్వలేదని ప్రయోజనాలు ఆపకూడదు అని అందులో రాసి ఉండేది. అబూడ్ కేసులో అమెరికా కోర్టు విడదీయడానికి తంటాలు పడిన గీతను, అంతకు యాభై ఏళ్ల ముందే మన చట్టం కాగితం మీద గీసి పెట్టింది. అమల్లో ఎంత ఉందన్నది మీరు చూసిన యూనియన్లను బట్టి మీరే చెప్పాలి. ఇంకో ముచ్చట. 2001 సవరణ ప్రకారం సభ్యత్వ చందా కనీసం ఇంతకు తగ్గకూడదు అన్నది గ్రామీణ కార్మికులకు ఏడాదికి 1 రూపాయి, అసంఘటిత రంగంలో మిగతావాళ్లకు 3, ఇతరులకు 12 రూపాయలుగా ఉండేది. నెలకు రూపాయి. ఒక్క చాక్లెట్.

అయితే సమస్య మన గడపలోకి రాదని కాదు. సింగరేణిలో 1998 నుంచి రహస్య ఓటింగుతో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకుంటున్నారు. 2023 డిసెంబరులో ఏఐటీయూసీ గెలిచింది. గెలిచిన సంఘం ఓటు వేయనివాడి తరఫునా మాట్లాడాలి. 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల కోడ్ అయితే, 51 శాతం మద్దతు ఉన్న యూనియన్‌కు ఏకైక చర్చల సంఘం హోదా ఇస్తుంది. అంటే మిగతా 49 శాతం తరఫునా అదే మాట్లాడుతుంది. అందరి తరఫునా మాట్లాడేవాడికి ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? అమెరికా డెబ్బై ఎనభై ఏళ్లుగా కొట్టుకుంటున్న ప్రశ్న ఇదే. మనమూ ఆ వీధి మలుపు దగ్గరే ఉన్నాం.

*

ఇప్పుడు నా సంగతి. మా రంగంలో యూనియన్ చందా గొడవే లేదు, యూనియనే లేదు కాబట్టి. ఉన్న ఒకటి రెండు సంఘాల పేర్లు కూడా మా ఫ్లోర్‌లో ఎవరికీ తెలియవు.

2023లో నేను చేస్తున్న కంపెనీలో మనుషుల్ని తీసేయడం మొదలైంది. నా పక్క సీటు అమ్మాయికి మధ్యాహ్నం మూడింటికి మీటింగు వచ్చింది. ఇరవై నిమిషాల కాల్. నువ్వే రాజీనామా ఇస్తే రిలీవింగ్ లెటర్ బాగుంటుంది, లేకపోతే నీ ఇష్టం అన్నారట. ఆ గదిలో ఆమె పక్కన ఎవరూ లేరు. బయటికొచ్చి ల్యాప్‌టాప్ బ్యాగు సర్దుకుంటుంటే నేను కూడా ఏమీ మాట్లాడలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని స్క్రీన్ వంక చూస్తూ కూర్చున్నాను. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మా నాన్న దగ్గరికి వచ్చినట్టు ఆమె దగ్గరికి "నీ దగ్గర ఏ కాగితం ఉంది?" అని అడగడానికి ఎవరూ రాలేదు.

ఆ రాత్రి నా పే స్లిప్ తెరిచి ఒక్కో లైను చదివాను. ప్రావిడెంట్ ఫండ్, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. దాని కింద "ఎంప్లాయీ వెల్ఫేర్" 150. ఇదేంటి? చేరిన రోజు నింపిన ముప్పై పేజీల్లో ఎక్కడో ఒక టిక్కు ముందే పెట్టి ఉంది. నేను చూసుకోలేదు. ఆ వెల్ఫేర్ నా పక్క సీటు అమ్మాయికి ఏం చేసిందో అడుగుదామంటే, అది స్పోర్ట్స్ డేకి, దీపావళి డబ్బాలకు అని తెలిసింది. ఆపమని మెయిల్ పెట్టాను. జవాబు వెంటనే వచ్చింది: వచ్చే నెల నుంచి ఆగుతుంది, రిక్వెస్ట్ తేదీకి ముందు పట్టుకున్నది పాలసీ ప్రకారం తిరిగి రాదు. 26 నెలలకు 3,900 రూపాయలు.

నవ్వొచ్చింది. ఆ జవాబు వెనక కోడ్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. అలాంటిదే నేనూ రాశాను కదా. ఎండ్ డేట్ వేసెయ్, మిగతాది మన స్కోప్‌లో లేదు.

జేనస్ గెలిచాక యూనియన్లు చచ్చిపోతాయని అక్కడ కొందరు సంబరపడ్డారు, కొందరు భయపడ్డారు. జరిగిందేంటంటే, అప్పటిదాకా కోత దానంతటదే పడుతుంది కదా అని కూర్చున్న యూనియన్లు ఒక్కొక్కరి బల్ల దగ్గరికి వెళ్లి మాట్లాడాల్సి వచ్చింది. ఆ ఏడాదే న్యూయార్క్ ఒక చట్టం చేసింది, సభ్యుడు కానివాడి క్రమశిక్షణ కేసుల్లో యూనియన్ తోడు నిలబడాల్సిన బాధ్యత లేదని. అంటే ఇచ్చేవాడికి అడిగే హక్కు, ఇవ్వనివాడికి తన దారి తనకు. కొంచెం కఠినంగానే ఉంది. మా నాన్న ఇంటికి వచ్చినాయన న్యూయార్క్ చట్టం చదివి ఉంటే మా ఇల్లు ఏమయ్యేదో.

నా మటుకు నాకు ఇంతవరకే తేలింది. అడిగి తీసుకోవాలి. లోపలికి వచ్చే తలుపు ఎంత వెడల్పో బయటికి పోయే తలుపూ అంతే ఉండాలి. వద్దన్నాక తీసుకున్న ప్రతి రూపాయీ తిరిగివ్వాలి, అది 60 అయినా 3,900 అయినా. ఇంతవరకు జేనస్ వైపు. కానీ మనకోసం ఎవరో మాట్లాడుతుంటే, ఆ మాట వల్ల మనకు మేలు జరుగుతుంటే, చట్టం అడగకపోయినా అది మన బాకీయే. ఇక్కడ నేను నాన్న వైపు.

ఈ నెల జీతం పడ్డాక ఒక్కసారి మీ చీటీ తెరవండి. నెట్ పే చూసి మూసేయకండి. ఒక్కో లైను దగ్గర రెండు ప్రశ్నలు వేసుకోండి. దీనికి నేను ఎప్పుడు సంతకం పెట్టాను? ఇది తీసుకునేవాడు నాకు కష్టమొస్తే గదిలో నా పక్కన కూర్చుంటాడా?

నాన్న రిటైరై నాలుగేళ్లయింది. ఇప్పుడు ఆయన జీతంలోంచి పట్టుకోవడానికి జీతమే లేదు. అయినా ప్రతి జనవరిలో రిటైరైన ఉద్యోగుల సంఘం ఆఫీసుకు తనే నడిచిపోయి ఏడాది చందా 100 రూపాయలు కట్టొస్తారు. రసీదు అడిగి తీసుకుంటారు. దాన్ని బీరువాలో, పాత బిస్కెట్ డబ్బాలో, చందా ఆపమని అప్పట్లో రాసిచ్చిన కాగితం జిరాక్సు పక్కనే పెడతారు.